ముందు కాణిపాకం, తర్వాతే సినిమా

"చిన్నాయనా, డిసెంబరు 18 రాసిపెట్టుకో. లీవు ఇప్పుడే అడిగి పెట్టు."

బెంగళూరు నుంచి మా అన్న కొడుకు ఫోను. వాడిప్పుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. తేదీ చెప్పి మరీ లీవు పెట్టమంటున్నాడంటే పెళ్లి కుదిరిందేమోనని మీరనుకుంటారు. నేనూ అదే అనుకున్నా. కాదట. 'అవెంజర్స్: డూమ్స్‌డే' విడుదల తేదీగా ప్రకటించింది ఆ రోజట, 2026 డిసెంబరు 18. ఐరన్ మ్యాన్‌గా చేసిన రాబర్ట్ డౌనీ జూనియర్ ఈసారి విలన్ డాక్టర్ డూమ్‌గా వస్తున్నాడని 2024 జులైలో చెప్పినప్పటి నుంచి వీడు రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

"టికెట్లు నేను చూసుకుంటా. కానీ పోయినసారి మాదిరే. ముందు కాణిపాకం, తర్వాతే సినిమా" అన్నాడు.

పోయినసారి అంటే ఏడేళ్ల కిందటి మాట. ఆ ఒక్కరోజు ప్రయాణం గురించి ఎవరికైనా చెప్పాలని చాలాసార్లు అనుకున్నా. గుడికి వెళ్లొచ్చిన కథా, సినిమా చూసొచ్చిన కథా అని అడిగితే రెండూ అనే చెప్పాలి.

అది 2019 ఏప్రిల్ 27, శనివారం. చిత్తూరు బస్టాండు. పొద్దున తొమ్మిదికే ఎండ నెత్తిన కూర్చుంది. అన్న కొడుక్కి అప్పుడు పదిహేనేళ్లు. పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాడు. ఆ వయసు పిల్లాడు చేతిలో ఫోను లేకుండా కనిపించాడంటే ఆశ్చర్యమే కదా. అడిగితే జేబులోంచి తీసి చూపించాడు. స్విచ్చాఫ్.

"గురువారం రాత్రే ఆపేసినా. వాట్సాప్ తెరిస్తే ఎవడో ఒకడు క్లైమాక్స్ చెప్పేస్తాడు."

'అవెంజర్స్: ఎండ్‌గేమ్' ముందురోజే, ఏప్రిల్ 26 శుక్రవారం, ఇంగ్లిషు, హిందీ, తమిళం, తెలుగు భాషల్లో విడుదలైంది. మాకు శుక్రవారం టికెట్లు దొరకలేదు. శనివారం సాయంత్రం ఆటకు దొరికాయి. ఈ ముప్పయి గంటల మధ్య కథ చెవిన పడకుండా కాపాడుకోవడమే వాడి బాధ. దానికి వాడు కనుక్కున్న ఉపాయం కాణిపాకం. వాడి స్నేహితులు ఇద్దరు శుక్రవారమే వేలూరు పోయి తమిళంలో చూసేశారు. వాళ్ల చేత కథ చెప్పమని ప్రమాణం చేయించాలట.

"ఊరికే ఒట్టేస్తే నమ్మను. వాళ్ల సంగతి నాకు తెలుసు. కాణిపాకంలో చేస్తే నమ్ముతా."

నవ్వొచ్చింది. ఆ వెంటనే గొంతులో ఏదో అడ్డుపడింది. సరిగ్గా ఇదే మాట సంవత్సరం కింద మా అన్న నాతో అన్నాడు. ఆ మాట మీదే మేమిద్దరం మాట్లాడుకోవడం ఆగిపోయింది.

* * *

చిత్తూరు నుంచి కాణిపాకం పదకొండు, పన్నెండు కిలోమీటర్లు. తిరుపతి నుంచి వచ్చేవాళ్లకు సుమారు డెబ్బై. చిత్తూరు బస్టాండులో నిలబడితే చాలు, బస్సులు వస్తూనే ఉంటాయి. రోడ్డుకు అటూ ఇటూ చెరకు మళ్లు, మామిడి తోపులు, అక్కడక్కడా బెల్లం వండే గానుగలు. ఏప్రిల్ చివర కాబట్టి తోతాపురి కాయలు ఇంకా పచ్చిగా, గుత్తులుగా వేలాడుతున్నాయి. మా వైపు దాన్ని బెంగుళూరా అంటాం. ముక్కు వంకరగా ఉండే కాయ. పండ్ల బండి మీదకంటే గుజ్జు ఫ్యాక్టరీలకే ఎక్కువ పోతుంది. మాకూ ఒక తోపు ఉంది. తగాదా దాని మీదే.

బస్సులో మాటలన్నీ ఎన్నికల మీదే. ఏప్రిల్ 11న ఓట్లేసి, మే 23 దాకా ఫలితాల కోసం కాచుకోవాలి. నలభై రెండు రోజులు! మా ముందు సీట్లో ఇద్దరు పెద్దమనుషులు పందెం కాసుకుంటున్నారు. ఒకాయన అన్నాడు: "డబ్బు తీసుకోలేదని మీవోడు కాణిపాకంలో ప్రమాణం చేస్తాడా?" రెండో ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. రాయలసీమలో ఈ సవాలు కొత్తది కాదు. పెద్ద పెద్ద నాయకులు కూడా మైకుల ముందు "రా, కాణిపాకంలో ప్రమాణం చేద్దాం" అంటుంటారు. వినాయకుడు ఇక్కడ విఘ్నాలకే కాదు, సత్యానికీ దేవుడు. కోనేట్లో మునిగి ఆయన ముందు నిలబడి అబద్ధం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదని ఇక్కడి నమ్మకం. అసలు గర్భగుడి దాకా పోకుండానే, నీళ్లలో మునిగి లేచేసరికి తప్పు ఒప్పుకునేవాళ్లు ఉన్నారని చెబుతారు.

"అసలు ఏముందిరా ఆ సినిమాలో, ఇంత అల్లాడిపోతున్నావు?" అని అడిగా, పందేల గోల తప్పించుకోవడానికి.

వాడు జాలిగా చూశాడు. తర్వాత బస్సు దిగేదాకా పాఠం చెప్పాడు. 2008లో 'ఐరన్ మ్యాన్'తో మొదలైందట. పదకొండేళ్లలో ఇది ఇరవై రెండో సినిమా. ఒక్కో హీరోకు ఒక్కో సినిమా, అందరినీ కలిపి మధ్యమధ్యలో అవెంజర్స్ సినిమా. ముందటేడు, అంటే 2018 ఏప్రిల్ 27న వచ్చిన 'ఇన్ఫినిటీ వార్'లో థానోస్ అనేవాడు చిటికేస్తే సృష్టిలో సగం ప్రాణులు బూడిదైపోయాయి. హీరోల్లోనూ సగం మంది పోయారు. సినిమా అక్కడే ఆగింది. అప్పటి నుంచి ఏడాది పాటు వీళ్లందరూ గుండె పట్టుకుని కూర్చున్నారు.

మీకు నవ్వులాటగా ఉండొచ్చు గానీ, మనమేం తక్కువ తిన్నాం? 2015 జులై 10న 'బాహుబలి' చూసి బయటికొచ్చి, కట్టప్ప ఎందుకు చంపాడో తెలియక 2017 ఏప్రిల్ 28 దాకా ఊళ్లకు ఊళ్లు బుర్రలు బద్దలు కొట్టుకోలేదా? నేను ఆఫీసులో కట్టప్ప మీద మూడు సిద్ధాంతాలు చెప్పినవాణ్ణే. మూడూ తప్పయ్యాయి. ఆ మాట చెబితే వాడు చల్లబడ్డాడు. "అయితే నీకూ తెలుసన్నమాట" అన్నాడు, నన్ను మనిషిగా గుర్తించినట్టు.

ఈ సినిమాకు మనూళ్లలో అభిమాన సంఘం లేదు. ఫ్లెక్సీలు లేవు, కటౌటుకు పాలాభిషేకాలు లేవు. హీరో మన కులమా, మన జిల్లానా అన్న లెక్కే లేదు. అయినా టికెట్లు చిటికెలో అయిపోయాయి. కొన్ని నగరాల్లో రాత్రంతా ఆటలు వేశారు. మొదటిరోజే దేశంలో దాదాపు 53 కోట్ల నెట్ వసూలైంది. మనవాళ్లు దాన్ని మన సినిమా చేసుకోవడానికి చిత్రమైన దారులు కూడా ఉన్నాయి. ఏప్రిల్ 1న ఏ.ఆర్. రెహమాన్ హిందీ, తమిళం, తెలుగుల్లో ఒక పాట చేశాడు. తెలుగులో థానోస్‌కు గొంతు ఇచ్చింది మన రానా. తమిళంలో ఐరన్ మ్యాన్‌కు విజయ్ సేతుపతి. మాది సరిహద్దు జిల్లా కదా, ఏ భాషలో చూడాలన్న తగువు ఇంట్లోనే వస్తుంది. "భల్లాలదేవుడి గొంతు ఉంటే థానోస్ అంటే భయమేస్తుంది. వాళ్లకేముంది?" అనేది మావాడి వాదన. వేలూరు పోయిన స్నేహితులు దానికి ఒప్పుకోరు.

"మరి నీకు అన్నిటికంటే ఏం తెలుసుకోవాలనుందిరా? థానోస్ ఎట్లా చస్తాడనా?"

"కాదు చిన్నాయనా. ఐరన్ మ్యాన్, కెప్టెన్ అమెరికా మాట్లాడుకుంటారా లేదా అని. 2016లో 'సివిల్ వార్'లో కొట్లాడి విడిపోయినారు. తర్వాత ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. వాళ్లు కలిస్తే థానోస్ ఎంత?"

ఆ జవాబు నేను ఎదురుచూసింది కాదు. వాడు మామూలుగానే అన్నాడు. నేను మామూలుగా వినలేకపోయా.

* * *

కాణిపాకం కథ చిన్నప్పటి నుంచి విన్నదే. ముగ్గురు అన్నదమ్ములు. ఒకడికి చూపు లేదు, ఒకడికి వినికిడి లేదు, ఒకడికి మాట లేదు. చిన్న చెక్క సాగు చేసుకుని బతికేవాళ్లు. ఏతం తొక్కి నీళ్లు తోడే రోజులు. ఒక ఏడు బావి ఎండిపోయింది. లోతు చేద్దామని ఒకడు దిగి తవ్వుతుంటే పార రాయికి తగిలి ఖంగుమంది. రాయిలోంచి నెత్తురు చిమ్మింది, బావి నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ నెత్తురు తాకగానే ముగ్గురికీ లోపాలు పోయాయి. ఊళ్లోవాళ్లు పరుగున వచ్చి ఇంకా తవ్వబోతే, ఊటనీళ్లలోంచి వినాయకుడు తనంతట తానే పైకి వచ్చాడు. జనం కొట్టిన కొబ్బరికాయల నీళ్లు ఒక కాణి నేల పారాయట. కాణి అంటే ఎకరమ్మీద కొంచెం. 'కాణి' పారిన చోటు కాణిపారకం, అదే పలుకుబడిలో కాణిపాకం.

ఆ మూర్తి ఇప్పటికీ బావిలోనే ఉంది. చుట్టూ నీళ్లు ఉంటాయి, ఆ నీళ్లే తీర్థం. స్వామి పెరుగుతున్నాడని భక్తుల నమ్మకం. కొన్ని దశాబ్దాల కింద ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టడం లేదని చూపిస్తారు. పదకొండో శతాబ్దంలో మొదటి కులోత్తుంగ చోళుడు గుడి కట్టించాడనీ, విజయనగర రాజుల కాలంలో పెరిగిందనీ చెబుతారు. పక్కనే మణికంఠేశ్వరాలయం కూడా చోళులదే. మేము వెళ్లిన నాటి గుడికీ ఇప్పటికీ తేడా ఉంది. తర్వాత పునర్నిర్మించి 2022 ఆగస్టులో మహాకుంభాభిషేకం చేశారు. చవితి నుంచి దాదాపు మూడు వారాలు జరిగే బ్రహ్మోత్సవాలప్పుడు వెళితే కాలు పెట్టడానికి సందుండదు. తీరిగ్గా చూడాలనుకుంటే మామూలు రోజుల్లో, పొద్దున్నే వెళ్లండి.

క్యూలో నిలబడి ఈ కథే వాడికి చెప్పా. వాడికి తెలిసిందే, అయినా విన్నాడు. విని ఒక ప్రశ్న వేశాడు.

"నయం కాకముందు వాళ్లు ముగ్గురూ సేద్యం ఎట్లా చేసినారు?"

ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ తట్టని ప్రశ్న. మనం ఎప్పుడూ మహిమ దగ్గరే ఆగుతాం. మహిమకు ముందు ఏళ్ల తరబడి కళ్లులేనివాడు ఏతం తొక్కుంటాడు, చెవులు లేనివాడు మడవ కట్టుంటాడు, మాట లేనివాడు చెయ్యి పట్టుకుని దారి చూపించుంటాడు.

"ఒకడికి లేనిది ఇంకొకడికి ఉంది కదా. అట్లా" అన్నా.

"అంటే టీమే కదా!" అన్నాడు వాడు. వెనక నిలబడిన ఒకావిడ నవ్వింది. నాకు మాత్రం వాడు తప్పు చెప్పలేదనిపించింది. 1963లో స్టాన్ లీ, జాక్ కిర్బీ ఆ అవెంజర్స్ బొమ్మల కథ మొదలుపెట్టినప్పుడు అన్నీ ఉన్న వీరుల్ని కలిపారు. మా బావి కథలో ఏదో ఒకటి లేనివాళ్లు కలిశారు. కలవడం మాత్రం రెండు చోట్లా ఉంది.

దర్శనమైంది. తీర్థం తీసుకున్నా. రెండు చేతులూ జోడించి నిలబడ్డా గానీ, ఏం మొక్కుకోవాలో తెలియలేదు. కళ్లు మూసుకుంటే అన్న అడిగిన మాటే వినపడింది.

సంగతేమిటో మీకు చెప్పాలి. మా నాయన పోవడానికి ఏడాది ముందు, హైదరాబాదులో నేను ఫ్లాటు కొనేటప్పుడు మూడు లక్షలు ఇచ్చాడు. "అన్నకు నేనే చెప్తాలే" అన్నాడు. చెప్పకుండానే పోయాడనుకున్నా. తర్వాత తోపు పంచుకునే రోజు, నలుగురు పెద్దమనుషుల ముందు అన్న అడిగాడు, "నాయన నీకేమన్నా ఇచ్చినాడా?" అని. నేను లేదన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. నలుగురిలో అడిగాడన్న రోషమో, వాటా తగ్గుతుందన్న భయమో. "అయితే కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అన్నాడు. "నన్నే అనుమానిస్తావా?" అని అరిచి లేచొచ్చేశా. తప్పు చేసినవాడికి కోపం ఎంత బాగా అక్కరకొస్తుందో ఆ రోజు తెలిసింది. మాటల్లేక ఏడాదైంది. వదిన ఫోన్ చేసి "పిల్లోడు పరీక్షలు రాసినాడు, వాళ్ల నాయన ఆ ఇంగ్లీషు సినిమాకు తీస్కపోడు, నువ్వు రాగూడదా" అంటే వచ్చా. సినిమా సాకు అని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

* * *

బయటికొచ్చేసరికి కోనేటి గట్టున స్నేహితులిద్దరూ కూర్చున్నారు. వాళ్ల ముఖాల్లో నిండుగా కథ ఉంది. పెదాలు బిగబట్టి ఉన్నారు. మావాడు వాళ్లను మెట్ల మీద వరసగా నిలబెట్టాడు. నీళ్లలో కాళ్లు పెట్టమన్నాడు. "ఇప్పుడు చెప్పండి. ఎవరు చస్తారో, ఎవరు బతుకుతారో సాయంత్రం దాకా చెప్పమని, సైగ కూడా చెయ్యమని."

పక్కన గరిక, పూలు అమ్మే అవ్వ ఒకామె ఇదంతా చూస్తోంది. ఉండబట్టలేక లేచొచ్చింది.

"ఏమి నాయనా, ఈడ ప్రమాణమంటే ఆటలనుకుంటా ఉండారా? ఏంటికి చేస్తా ఉండారు?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మావాడే చెప్పాడు, సినిమా కథ బయటపెట్టకుండా ఉండటానికని. అవ్వ కాసేపు అర్థం చేసుకోవడానికి చూసింది. అర్థమయ్యాక పకపకా నవ్వింది.

"కథ తెలిస్తే ఏమైతాది? రాముడు గెలుస్తాడని తెలిసే గదా హరికథకు పోతాం. అయినా నాయనా, ఈడికొచ్చేవాళ్లు చెప్పేదానికి వస్తారు, దాచేదానికి ఎవురూ రారు."

ఆమె నవ్వుతూ తన బుట్ట దగ్గరికి వెళ్లిపోయింది. పిల్లలు ప్రమాణం మానేసి చెయ్యి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు. నేను మాత్రం మెట్టు మీదే ఉండిపోయా. నీళ్లలో కాళ్లు పెట్టబోయి వెనక్కి తీసుకున్నా. దేవుడు కన్ను పోగొడతాడన్న భయం కాదు. ఆ నీళ్లు తాకితే చెప్పాల్సి వస్తుందన్న భయం.

చెప్పకుండా ఉండటంలో రెండు రకాలున్నాయని ఆ మెట్ల మీదే తెలిసింది. సినిమాకు పది రోజుల ముందు కొన్ని దృశ్యాలు బయటికి పొక్కితే, దర్శకులు ఆంథొనీ రూసో, జో రూసో అభిమానులకు ఒక ఉత్తరం రాశారు, చూసినవాళ్లు చూడనివాళ్లకు కథ చెప్పొద్దని. వాళ్లూ అన్నదమ్ములే. కోట్లమంది ఆ మాట చాలావరకు నిలబెట్టారు. ముఖం తెలియని మనిషి సంతోషం చెడకూడదని నోరు కట్టుకోవడం అది. నేను నోరు కట్టుకున్నది అందుకు కాదు. అన్నకు రావలసింది నా దగ్గర పెట్టుకుని కట్టుకున్నా. మౌనం ఒకటే అయినా పిల్లలది పంచిపెట్టేది, నాది దాచుకునేది.

మధ్యాహ్నం గుడి వెనక బాహుదా నది వైపు నడిచాం. ఆ ఎండాకాలం నదిలో ఇసుక, ముళ్లకంపలు తప్ప ఏమీ లేవు. మా సీమ నదులకు పేరే ఎక్కువ, నీళ్లు తక్కువ. దీని పేరుకూ ఒక కథ ఉంది. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు ఈ స్వామి దర్శనానికి వస్తున్నారు. దారిలో లిఖితుడికి ఆకలేసింది. ఎవరిదో మామిడితోట. అన్న వద్దన్నా వినకుండా ఒక పండు కోసుకు తిన్నాడు. అన్న వెళ్లి రాజుకు చెప్పాడు. రాజు తమ్ముడి రెండు చేతులూ నరికించాడు. తర్వాత ఈ నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుద.

"ఒక మామిడిపండుకు చేతులు నరికించినాడా? వాళ్లన్న చెప్పకుంటే ఏం పోయింది?" అన్నాడు మావాడు.

నా దగ్గర జవాబు లేదు. వాడే కాసేపాగి, ఇసుకలో చెప్పుతో గీతలు గీస్తూ అడిగాడు: "నువ్వూ, నాయనా ఎప్పుడు మాట్లాడుకుంటారు?"

"సినిమా అయినాక" అన్నా. ఏదో నోటికొచ్చింది. అనేశాక అది కూడా ఒట్టులాగే అనిపించింది.

* * *

చిత్తూరులో ఆ సాయంత్రం హాలు బయట పండగలా ఉంది. మూడు గంటల ఒక నిమిషం సినిమా. నీళ్ల సీసాలు, మురుకుల పొట్లాలు, ముందువరస కోసం తోపులాట. లోపల ఏసీ పనిచేసిందో లేదో గుర్తులేదు, అంత అరుపులు. రానా గొంతు వినబడగానే విలనని కూడా చూడకుండా విజిల్స్ వేశారు. స్టాన్ లీ ఒక్క క్షణం కనిపిస్తే గుర్తుపట్టింది మా వరసలో ముగ్గురే. అప్పటికి ఆయన పోయి ఐదు నెలలైంది. ఆ ముగ్గురు పిల్లలూ చప్పట్లు కొట్టారు.

నాకు సగం కథ అర్థం కాలేదు. కానీ ఒకచోట మాత్రం బాగా అర్థమైంది. ఐరన్ మ్యాన్ తన దగ్గరున్న డాలును కెప్టెన్‌కు తిరిగి ఇచ్చేస్తాడు. ఇద్దరి మధ్యా పెద్ద మాటలేమీ లేవు. మావాడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాడు పదకొండేళ్ల కథలో ఎదురుచూసింది ఇదే. హాలంతా గోల చేసే ఘట్టం కాదు అది, ఆ గోల తర్వాత వచ్చింది. కెప్టెన్ చేతికి థోర్ సుత్తి వచ్చినప్పుడు, పోయినవాళ్లంతా వెలుగు ద్వారాల్లోంచి ఒక్కొక్కరే తిరిగొచ్చినప్పుడు చించిన కాగితాలు నెత్తిన పడ్డాయి, మా ముందాయన కుర్చీ మీదికెక్కి నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. పాపం వెనకున్న పెద్దావిడ కూడా లేచి నిలబడింది.

చివర్లో టోనీ స్టార్క్ పోయినప్పుడు అంత పెద్ద హాలూ నిశ్శబ్దమైపోయింది. కాసేపటి కింద విజిళ్లు వేసినవాళ్లే ముక్కులు తుడుచుకుంటున్నారు. పేర్లు పడుతున్నా ఎవరూ లేవలేదు. ఈ సినిమాల్లో చివర ఇంకో చిన్న సీను వస్తుందట. ఈసారి సీను రాలేదు. ఇనుము మీద సుత్తి దెబ్బల చప్పుడు మాత్రం వినిపించింది. "మొదటి సినిమాలో గుహలో కవచం చేసుకుంటాడు కదా, ఆ చప్పుడు" అన్నాడు మావాడు, గొంతు పూడుకుపోయి.

బయటికొస్తే తర్వాతి ఆటకు వచ్చినవాళ్లు బారులు తీరి ఉన్నారు. "ఎట్లుంది?" అని అడుగుతున్నారు. మా హాల్లోంచి వచ్చినవాళ్లెవరూ నోరు విప్పలేదు. ఎర్రబడ్డ కళ్లతో బొటనవేలు మాత్రం పైకెత్తి చూపించి వెళ్లిపోతున్నారు. అభిమానం అనగానే కొట్టుకోవడం, ఫ్లెక్సీలు చించుకోవడం చూసిన కళ్లకు అది కొత్తగా ఉంది.

* * *

ఇల్లు చేరేసరికి పదిన్నర దాటింది. అన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. కొడుకుని అడిగాడు.

"ఏమైందిరా కథ?"

"చెప్పకూడదు నాయనా. ఒట్టేసుకున్నాం."

అన్న నవ్వాడు. ఏడాదిలో ఆ నవ్వు చూడటం అదే మొదలు. వదిన పిల్లాణ్ణి అన్నానికి లోపలికి తీసుకుపోయింది. మేమిద్దరం మిగిలాం. నేను మంచం అంచున కూర్చున్నా. ఎన్ని మాటలు కూర్చుకున్నానో, ఏవీ అక్కరకు రాలేదు.

"అన్నా, నాయన నాకు మూడు లక్షలిచ్చినాడు. ఫ్లాటుకు. ఆ రోజు లేదని అబద్ధం చెప్పినా."

అన్న వెంటనే ఏమీ అనలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తెలుసు. నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడే చెప్పినాడు."

"మరి నలుగురిలో ఎందుకడిగినావు?"

"నువ్వు చెప్తావని."

అంతే అన్నాడు. అవ్వ మాట గుర్తొచ్చింది. కథ తెలిసినవాడు కూడా కూర్చుని వింటాడు, చెప్పాల్సినవాడు చెబుతాడేమోనని. మా అన్న ఏడాది పాటు అట్లా కూర్చున్నాడు.

ఆ ఒక్క రాత్రితో అంతా సర్దుకుందని చెబితే అబద్ధమవుతుంది. నలుగురిలో తను అట్లా అడగడం తప్పేనని అన్న ఒప్పుకోవడానికి మరో ఏడాది పట్టింది. నా వాటా చెట్ల కాపు మూడేళ్లపాటు ఆయనే తీసుకునేటట్టు మాట్లాడుకున్నాం. తోపు మధ్య గట్టు ఇప్పటికీ ఉంది. కాకపోతే దాని మీద ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం.

'ఎండ్‌గేమ్' ఆ జులైలో 'అవతార్'ను దాటి ప్రపంచంలోనే ఎక్కువ వసూలు చేసిన సినిమా అయింది. 2021లో 'అవతార్' మళ్లీ విడుదలై ఆ స్థానం తిరిగి తీసుకుంది. ఆ లెక్కలన్నీ మావాడే చెబుతుంటాడు. నాకు గుర్తున్నది మాత్రం కోనేటి మెట్ల మీద ఆ మూడు జతల కాళ్లు, నీళ్లలో పెట్టడానికి నేను వెనక్కి తీసుకున్న నా కాళ్లు.

డిసెంబరుకు లీవు అడిగా. ఈసారి మా అన్న కూడా వస్తానన్నాడు. "ఆ ఐరన్ మ్యాను మంచోడు గదరా, విలనెట్లా అయినాడు?" అని ఇప్పటికే పది సార్లు అడిగాడు. కొడుకు చెప్పడం లేదు, వాడికీ తెలియదు కాబట్టి. ముగ్గురం కలిసే కాణిపాకం పోతాం. ఈసారి నీళ్లలో కాళ్లు పెడతా.